ఎనిమిది అంకెలు

అంబత్తూరు ఎస్టేటులో మా సంఘం ఆఫీసు
రెండో అంతస్తు. కింద గ్రైండింగు షెడ్డు.
మేం మాట్లాడుకునే ప్రతి మాటకీ
కొంచెం ఇనుప రజను అంటుకునే ఉంటుంది.

ఢిల్లీ నుంచి కాగితం వచ్చింది:
సముద్రాల అవతల ఏవో దేశాలతో ఒప్పందమట,
పదిహేను రోజుల్లో అభిప్రాయం చెప్పాలట.
అందులో పన్నెండు దారిలోనే కరిగిపోయాయి.

తొమ్మిది వందల పేజీలు. ఎవరూ చదవలేదు.
చదవలేదని కూడా ఎవరూ అనలేదు.
ఒక్కొక్కరే వచ్చి నా కుర్చీ వెనక నిలబడి
"మన నంబరు చూడమ్మా" అన్నారు.
సుంకాల పట్టీలో ఎవరి సరుక్కి వారి ఎనిమిది అంకెలు.
పదో తరగతి ఫలితాల రోజు పేపరు మీద
హాల్‌టికెట్టు నంబరు వెతుక్కుంటూ జారిన వేలు
నలభై ఏళ్ల తర్వాత
నా కంప్యూటరు అద్దం మీద మళ్లీ వణికింది.

వేదాచలం నాయుడు గారి బోల్టులకు
పదేళ్ల దాకా సుంకం కదలదు.
మంచి ఒప్పందమే అని అందరికీ టీ చెప్పారు.
రుక్మాంగద రెడ్డి గారి వాల్వులకు మొదటి రోజే సున్నా.
ఆయన టీ ముట్టలేదు.
దేశం ఏమైపోతుందో, అన్నారు.
ఆయన నోట దేశం మాట వినడం
నాకదే మొదలు.

రబ్బరు వాషర్ల కాత్యాయని గారివి రెండు అభిప్రాయాలు:
ముడిసరుకు తెప్పించుకునే చేతికి ఒకటి,
వాషరు అమ్ముకునే చేతికి ఇంకొకటి.
"రెండూ రాసెయ్యి, రెండూ నిజమే కదా."
మినిట్సులో దాన్నెక్కడ పెట్టాలో
నాకు తెలియలేదు.

బషీర్ సాహెబు వరండాలోకి వెళ్లి ఫోను చేసొచ్చారు,
కారు కంపెనీలో కొనుగోళ్లు చూసే మనిషికి.
"పెద్దవాళ్లు సరేనన్నారట."
ఆ 'అట' మీద పదకొండు చేతులు లేచాయి.
రెడ్డి గారి చెయ్యి కూడా,
కాస్త ఆలస్యంగా.

ఉత్తరం నేనే కూర్చాను.
సూత్రప్రాయంగా స్వాగతిస్తూ, అయినప్పటికీ,
తగు జాగ్రత్తలతో, దశలవారీగా...
పాము చావదు, కర్ర విరగదు.
స్టాంపు మాత్రం వంకరగా పడింది.

మెట్లు దిగుతుంటే షెడ్డు గుమ్మంలో సెల్వి
ఆయిలు చేతులు గుడ్డపీలికకి తుడుచుకుంటూ
తమిళంలో అడిగింది:
పైన అంతసేపు ఏమిటక్కా, మా జీతాల గురించా?

కాదు, అన్నాను.
బస్సు పాడి బ్రిడ్జి ఎక్కాక
ఆ కాదు గొంతులో
రజనులా గరగరమంది.