కొసరు

మినిట్స్ పుస్తకం రాసేది నేనే గనక
అందులో లేనిది కూడా నాకు తెలుసు.

కినాంగోప్ మీద పొగమంచు పదకొండు దాకా లేవదు.
రేకుల కప్పు కింద, చర్చి బెంచీల మీద
నలభై రెండు మందిమి, బంగాళాదుంప రైతులం,
బూట్లకి బురద, చేతుల్లో టీ కప్పులు.
అధ్యక్షురాలు కబురా లేచి
ఒక్క మాట అడిగింది:
"బస్తా అంటే ఎంత?"

ఎవరూ చెప్పలేదు.
చట్టంలో యాభై కిలోలు.
దళారి లారీ దగ్గర మాత్రం
మూతి మీద ఇంకో సగం బస్తా కుట్టి
సిసల్ తాడుతో వల అల్లి
నెలలు నిండినట్టు ఉబ్బినదాన్ని ఒకటే అని లెక్కేస్తారు.
అసలు కంటే కొసరు ముద్దంటారే,
మా కొండ మీద కొసరు అసలును తినేసింది.

కౌంటీ ఆఫీసుకి ఆమె ఉపన్యాసం పట్టుకెళ్ళలేదు.
మోటారు సైకిలు వెనక కాటా కట్టించుకుని వెళ్ళింది.
ఇంకో బండి మీద నేనూ, బస్తా.
కుర్చీలు పక్కకి జరిపి
అధికారి గారి తివాచీ మీదే తూచాం.
ముల్లు వణికి వణికి
తొంభై ఆరు దగ్గర ఆగింది.
"రాయండి సార్, ఇవి ఎన్ని బస్తాలో."
ఆయన కళ్ళజోడు తుడుచుకున్నాడు.
తివాచీ మీద రాలిన మట్టిని
ఆమె చేత్తో ఊడ్చి కొంగున కాదు, కోటు జేబులో వేసుకుంది.

నోటీసు వచ్చింది. ప్రతి సంతలోనూ అతికించారు.
ఆ పైన మూడు వారాలు లారీలు రాలేదు.

మినిట్స్‌లో ఇది రెండు వాక్యాలే.
పాకలో మాత్రం దుంపలు
తెల్లగా కళ్ళు తెరిచాయి.
స్కూలు ఫీజు గడువు దాటింది.
ముగో పెళ్ళాం సభలో లేచి
"నీకేం, నీకు ఆవులున్నాయి" అంది.
కబురా బదులివ్వలేదు.
ఆమె పెరట్లో పాల డబ్బాలు బోర్లించి ఉండడం
అప్పటికే నేను చూశాను.

మూడో వారం, ఒక రాత్రి,
రోడ్డు మలుపు దగ్గర దీపం ఆర్పి
నేను రెండు బస్తాలు అమ్మాను.
కొసరుతో సహా.
నోట్లు తడిగా ఉన్నాయి.

మర్నాడు సభలో
"మాట తప్పినవాళ్ళెవరైనా ఉన్నారా?" అని
ఆమె అందర్నీ చూసింది, నన్ను తప్ప.
నా కలం ఆగింది.
కాసిని నీళ్ళు తాగి,
"సెక్రటరీ గారూ, ఆ పంక్తి ఖాళీగా ఉంచండి" అంది.

వచ్చే నెల ఎన్నికలు. తాను నిలబడదట.
కాటా మాత్రం ఈ హాల్లోనే ఉంటుందట,
ఎవరైనా వచ్చి తూచుకోవచ్చట.

ఇవాళ ఎవరూ రాకముందే తాళం తీశాను.
బస్తా ఎక్కించాను.
ఒక దుంప ఎక్కువైంది. తీస్తే
ముల్లు యాభై మీద నిలిచింది.

పుస్తకం తెరిచి ఆ ఖాళీలో రాశాను:
గిచుహి, రెండు బస్తాలు.
కిటికీలోంచి గాలి.
సిరా ఆరేదాకా పేజీ ఎగరకుండా
ఆ దుంపనే బరువు పెట్టాను.