తూర్పుకు రెండు జానల పైన

గుంతకల్లు స్టేషన్ రోడ్డులో
టైలర్ మహబూబ్ పీరాకు అరచేతంత పలక ఒకటి ఉండేది.
మిద్దెమీద దాన్ని తూర్పుకు తిప్పి
రెండు జానలు పైకెత్తితే
సముద్రం మీద నిలబడిన ఉపగ్రహం దొరికేది.
"పడిందప్పా, పడింది, కదిలించొద్దు!"
కిందనుంచి నేను అరిచేవాణ్ణి.

ఏడాదికొకసారి చందా.
రంజాన్ కుట్టుకూలిలో అదే మొదటి ఖర్చు,
బియ్యం తర్వాత.

ఒక రాత్రి రెండింటికి
ఏ దేశమో, ఏ భాషో,
జీరగొంతు ఆడమనిషి పాడింది.
ఆ పాట అయ్యేలోపు షేర్వాణీకి మూడు కాజాలు కుట్టినాడు.
ఒక్కటీ వంకర పోలేదు.

కంపెనీ మూతపడిన దినం
పెట్టెలో గాలిచప్పుడు కూడా లేదు.
"మామూలు రేడియో అయితే బుస్సన్నా అంటుంది కదా"
అని మాత్రం అన్నాడు.

ఇప్పుడు చిన్నోడు ఇద్రూస్ ఫోన్లో కోట్ల పాటలు.
నిన్న విన్నదే ఈరోజు వేడిచేసి పెడుతుంది.
నడుమ పరుపుల ప్రకటన.
నెట్ అయిపోతే చక్రం ఊరికే తిరుగుతుంటుంది,
దారం అయిపోయిన కండె మాదిరి.

గిరాకీ లేని మధ్యాహ్నాలు
ఫోన్ను నోటిదగ్గర పెట్టుకుని
ఆ పాటను కూనిరాగం తీస్తాడు.
అది వెతుకుతుంది. వెతికి వెతికి
ఏదో పెళ్లిపాట తెచ్చిస్తుంది.
"ఇది కాదులే నాయనా" అంటాడు కసురుకోకుండా,
కొలత తప్పిన పనిపిల్లోనితో అన్నట్టు.

పలక మీద ఇప్పుడు సుద్దముక్కలు, విరిగిన సూదులు.
తుడిచినప్పుడల్లా
మళ్లీ తూర్పుకే తిప్పి పెడతాడు.