మూడో బాణం

కర్రారాలో రాత్రిబడి తొమ్మిదింటికి మూస్తారు.
ఒరెస్తె ఎనిమిదింటికి వస్తాడు,
కనుబొమల మీద పాలరాతి పొడితోనే.
యాభై రెండేళ్లు. ఈ పరీక్ష గట్టెక్కితే
గనిలో మేస్త్రీని చేస్తారట.

ఇవాళ నాలుగో లెక్క.
వాలు మీద దిమ్మె. ఆ వాలే ముందుకు దూసుకుపోతోంది.
దిమ్మె జారకూడదు. రాపిడి ఎటు?

అతను ముందు బొమ్మ గీయడు.
అరచెయ్యి ఏటవాలుగా వంచి
రబ్బరు ముక్క పెట్టి, చేతిని తోస్తాడు.
"ఇది నా లారీ."
"లారీ కాదు, త్రిభుజం."
"త్రిభుజానికి బ్రేకులుండవా, ప్రొఫెసొరెస్సా?"

బరువు కిందికి. తగవు లేదు.
తలం నెట్టే నెట్టు తలానికి నిటారుగా.
అదీ ఒప్పుకున్నాడు.
మూడో బాణం దగ్గరే పేచీ.

"రాపిడి ఎప్పుడూ పైకే"
అని గీశాడు, పెన్సిలు మొన విరిగేలా.
వాళ్ల నాన్న కాలంలో
సబ్బు పూసిన దుంగల మీద దిమ్మెల్ని కొండ దించేవాళ్లు.
తాళ్లు, మనుషులు, రాపిడి
అందరిదీ ఒకటే పట్టు, పైకి.
"కిందికి లాగే రాపిడిని మా ఇంట్లో ఎవరూ చూళ్లేదు."

నేను సుద్దముక్కతో త్వరణం పెంచుతూ పోయాను.
సున్నా దగ్గర అతని బాణం నిజం.
మూడు దగ్గర చిక్కిపోయింది.
ఐదు దగ్గర వెంట్రుకంత.
ముప్పై డిగ్రీల వాలుకి
ఐదు పాయింటు ఆరు ఆరు దగ్గర
బాణమే లేదు.
సబ్బు రాసినా, నూనె పోసినా
దిమ్మె ఉన్నచోటే ఉంది,
ఎవరూ పట్టుకోకుండా.

"ఇరవై టన్నులైనా ఇంతేనా?"
"రబ్బరు ముక్కైనా ఇంతే."
ఆ మాట అతనికి నచ్చలేదు.
బరువును రెండు వైపులా కొట్టేసిన నా గీతల్ని
చాలాసేపు చూశాడు.

తర్వాత తనే త్వరణం ఎనిమిది అని రాశాడు.
దిమ్మె ఇప్పుడు పైకి ఎగబాకాలని చూస్తోంది.
పాత బాణాన్ని చెరిపితే కాగితం చిరిగింది.
చిరుగు పక్కన
గీశాడు, కిందికి. చాలా చిన్నగా.

తాళం వేసి బయటికొచ్చేసరికి
పార్కింగులో అతని పాత ఫియట్
వెనక్కి వెళ్తోంది. ఆగింది. మళ్లీ వెనక్కి,
ఈసారి ఇంకా జోరుగా, టైర్లు కీచుమనేలా.
డ్యాష్‌బోర్డు ఏటవాలు మీద
ఏదో చిన్నది, తెల్లగా.

అద్దం దించి అరిచాడు:
"కొంచెంసేపు ఆగింది!"
గోడ దగ్గరపడుతోందని
నేనూ అరిచాను.