స్విచ్ బోర్డు ఎటువైపు

రాజోలు ఆసుపత్రిలో డాక్టరమ్మ అడిగింది
నిద్ర పట్టక ఎన్నాళ్లయిందని.
నెలలు గుర్తు లేవు, ఊళ్లు చెప్పాను.
బబీనాలో బాగానే పట్టేది.
జోర్హాట్‌లో రేకుల మీద వాన పడే రాత్రుళ్లు, కాస్త.
ఫిరోజ్‌పూర్ నుంచి లేదు.
రాయబోయిన పెన్ను అలాగే పట్టుకుని
ఆవిడ నా వంక చూసింది.
ఇంట్లో మాత్రం బీపీ చూపించుకుంటానని చెప్పొచ్చాను.

అర్ధరాత్రి మెలకువొస్తే
నా చెయ్యి గోడ మీద స్విచ్ వెతుకుతుంది.
తలగడకి ఎడం పక్క, జానెడు పైన.
అది బబీనా గోడ.
సఖినేటిపల్లి అద్దె గదిలో ఎడం పక్క కిటికీ,
అవతల గుర్రపుడెక్క కమ్మేసిన కాలవ.
చెయ్యి కాసేపు గాల్లోనే ఉండిపోతుంది,
డ్యూటీ దిగమని ఎవరూ చెప్పని సెంట్రీలాగ.

పదకొండేళ్లు, ఏడు క్వార్టర్లు.
నల్ల ట్రంకుపెట్టె మీద తెల్లరంగుతో
ఆయన నంబరు, పేరు, ఊరు.
బదిలీ అయినప్పుడల్లా ఊరి మీద నల్లరంగు పూసి
మళ్లీ తెల్లరంగు.
ఇప్పుడక్కడ వేలు పెడితే
చేనుగట్టులా ఎత్తుగా తగులుతుంది.

పెట్టె అడుగున నా లేసు సూది, సగం అల్లిన గుడ్డ.
పోయిన ప్రతి ఊళ్లోనూ రెండు పువ్వులు.
ఫిరోజ్‌పూర్ పువ్వులు చూసి మా వదిన
"ఏంటే సత్తివేణీ, దారం మీద పగబట్టావా" అంది.

ఆరో ఊళ్లో పక్కింటి తలుపు కొట్టడం మానేశాను.
గిన్నెలైతే గడ్డి చుట్టి సర్దొచ్చు.
ఐదో ఊళ్లో సెల్వి నాకిచ్చిన కరివేపాకు మొక్క
కుండీతో సహా అక్కడే.

"దేశమంతా చూసేశావమ్మా, అదృష్టవంతురాలివి"
అంటుంది ఇంటి ఓనరు. వెంటనే
"ఎన్నాళ్లుంటారండీ మరి?"

బళ్లో మీదే ఊరని అడిగితే మా పాప
"యూనిట్" అందట.
టీచరు మండలం పేరడిగింది.

ఆయనిప్పుడు కుటుంబాన్ని రానివ్వని చోట ఉన్నాడు.
"అంతా బానే ఉందా?"
"ఆయ్, బానే ఉంది."
ఆ తర్వాత సిగ్నల్ పోతే ఇద్దరికీ హాయి.

మా నాన్నకి లంకలో ముప్పావెకరం ఉండేది.
ఒక వరదలో ఏరు కోసుకుపోయి
అవతలి ఒడ్డున మేట వేసింది.
పంటెక్కి వెళ్లి, ఆ ఇసకలో నిలబడి
"ఇది నాదేరా" అనేవాడు.
పడీ పడీ నవ్వేవాళ్లం.
డాక్టరమ్మకి ఇదంతా ఎందుకు చెప్పానో.

మాత్రలు రాసింది.
"పదిహేను రోజులకి రండి.
ఈ గదే, ఈ కుర్చీయే. నేనే ఉంటాను."
ఆ మాటకి
వరండాలో మందుల లైనులో నిలబడి ఏడ్చాను.
వెనకావిడ తన చీటీతో నాకు విసిరింది,
ఉక్క అనుకుందేమో.

రాత్రి చెయ్యి మళ్లీ లేచింది.
ఎడం పక్క, జానెడు పైన.
కిటికీ ఊచ చల్లగా తగిలింది.
లాకుల దగ్గర నీళ్లు పడుతున్న చప్పుడు.
స్విచ్ కుడివైపుందని తెలుసు.
ఊచనే పట్టుకుని పడుకున్నాను.