పోయినదాని తూకం

ముందు ఫ్యాన్ ఆపమంటాను.
చెన్నైలో, మే నెలలో, ఆ మాటకి ఎవరికైనా ఒళ్ళు మండుతుంది.
ఇది నాలుగు దశాంశాల తక్కెడ,
మనిషి ఊపిరికే అంకె కదిలిపోతుంది.
చెమట చేతికి గ్లౌజు తొడిగి
ఉప్పునీళ్ళలో ఏడాది వేలాడొచ్చిన ఇనుప బిళ్ళని
పళ్ళెంలో పెడతాను.
వెళ్ళేటప్పటి బరువులోంచి
తిరిగొచ్చిన బరువు తీసేస్తే
మిగిలేదాని మీదే నా జీతం.

పోయినదాన్ని తూచడం కూడా ఒక ఉద్యోగమని
వాల్తేరులో ఎమ్మెస్సీ చదివేటప్పుడు ఎవరూ చెప్పలేదు.
అక్కడ బోర్డు మీద స్ఫటికం ముగ్గులా ఉండేది,
ఒక్క అణువు వరస తప్పేది కాదు.
నేనూ అలాంటి లోహాన్నే ప్రేమించాను,
ఎక్కడా దొరకనిదాన్ని.

తరమణిలో పీహెచ్‌డీ. ఆపైన ఇంటర్వ్యూలు.
"థియరీ చేసిన ఆడపిల్లవి,
ఏ కాలేజీలోనో చెప్పుకోవచ్చుగా" అన్నాడొకాయన
నా కాగితాల మడత విప్పకుండానే.
మణలిలో రంగుల ఫ్యాక్టరీ ఒకటి మాత్రం తీసుకుంది,
తుప్పు వాళ్ళకి అంతుపట్టక.

అక్కడ ఆడవాళ్ళకి మరుగుదొడ్డి లేదు.
గేటు దాటి, రైలు పట్టాలు దాటి
క్యాంటీనమ్మ ఇంటికి పోవాలి.
షిఫ్టంతా నీళ్ళు తాగడం మానేశాను.
రెండో వేసవికి కుడి మూత్రపిండంలో రాయి.
ఆస్పత్రివాళ్ళు దాన్ని చిన్న సీసాలో వేసిచ్చారు.
ఇంటికి పట్టుకెళ్ళలేదు.
తరమణి పాత ల్యాబుకి పోయి
కల్వంలో నూరి ఎక్స్‌రే యంత్రంలో పెట్టాను.
కాల్షియం ఆక్సలేట్.
గ్రాఫు మీద శిఖరాలు ఎంత నిటారుగా లేచాయో!
నా ఒంట్లో అంత క్రమశిక్షణ ఉందని అప్పుడే తెలిసింది.

ఆ గ్రాఫునే అర్జీకి కుట్టాను,
'జతపరచినవి: ఒకటి' అని రాసి.
మేనేజరు దాన్ని కొత్త ప్రైమరు ఫలితమనుకుని
బొంబాయికి పంపబోయాడట.
ఎనిమిది నెలలకి వచ్చింది,
రేకుల గది, గడియ, బకెట్టు.
మొదటి వానాకాలానికే తలుపు మడతబందు
తుప్పుపట్టి ఊడి చేతికొచ్చింది.
ఎవరూ ఇవ్వకుండా నాకు దొరికిన మొదటి నమూనా అదే.

తర్వాతి ఏళ్ళన్నీ కాశిమేడు రేవులో,
పడవల కింద వంగి
బిళ్ళలు కట్టి, విప్పి, మళ్ళీ కట్టి.
ఇంజను మెకానిక్కు దురైక్కణ్ణు
నన్ను 'తురు అమ్మ' అని పిలిచాడు.
తురు అంటే వాళ్ళ భాషలో తుప్పు.
మా నాయనమ్మ పెట్టిన పేరు సువర్చల,
రేవులో ఆ పేరడిగితే ఎవరూ దారి చెప్పరు.
పద్దెనిమిది పూతలు పొక్కిపోయాయి.
పందొమ్మిదోది మూడు తుపాన్లకి నిలిచింది.
పేటెంటు కాగితం మీద నా పేరు మూడోది.
మొదటి ఇద్దరికీ పడవెక్కితే వాంతులు.

మొన్న మార్చి ఎనిమిదిన ఒక అతిథి
పడవ అడుక్కి బిగించే జింకు దిమ్మని ఎత్తి చూపించి
"తాను కరిగిపోతూ ఇనుముని కాపాడుతుంది,
అచ్చం స్త్రీమూర్తి లాగే" అన్నారు.
చప్పట్లు.
నేను చెయ్యెత్తాను.
"జింకుకి త్యాగం తెలీదు సార్, వోల్టేజీ తేడా, అంతే.
అరిగిపోయాక దాన్ని విప్పి పారేసి
కొత్తది బిగిస్తాం. అదీ చెప్పండి."
టీ మాత్రం బాగుంది ఆ రోజు.

ఈ ఉదయం కొత్తగా చేరిన పిల్ల, ఎళిల్,
తక్కెడ పక్కనే లీటరు నీళ్ళ సీసా పెట్టుకుంది.
రూలు ప్రకారం పెట్టకూడదు.
తీసెయ్యమనబోయి
జానెడు దూరం జరిపి ఊరుకున్నాను.

సొరుగులో ఆ మడతబందు ఇంకా ఉంది.
ఏటా ఒకసారి తూస్తాను.
తుప్పు దులపకుండా తూస్తే
ఇనుము బరువు పెరుగుతుంది,
గాలిని తిని కూర్చుంటుంది గనక.
"మేడం, ఫ్యాన్ వెయ్యనా?"
ఉండమ్మా,
అంకె ఇంకా నిలవలేదు.