ఏడో రేకు

నవంబరుకి ఇంకా ఇరవై రోజులుందనగా
ఇనాషి నా కొట్టుకొచ్చింది, గొడుగు మూయకుండానే.
"మైనపు పలక ఒకటి చెక్కిపెట్టు, మా తమ్ముడికి.
మా ఇంటి నగిషీతోనే ఉండాలి."

మా బాస్క్ కొండల్లో పోయినవాళ్ళకి
చర్చి నేల మీద ఏ ఇంటి చోటు ఆ ఇంటిదే.
తలా భుజాలూ ఉన్న చిన్న పలకకి
సన్నటి మైనపు తీగ చుట్టి వెలిగిస్తారు.
మైనం కరిగిపోయేది. మనిషీ అంతే.
పలక మీది పువ్వు మాత్రం ఇంటిది.

మీ పువ్వు ఎలా ఉంటుందన్నాను.
"పువ్వులా ఉంటుంది" అంది.
పాత పలకేదీ? ఎవరో వెలిగించి నిద్రపోయారట,
మైనంతో పాటు అదీ కాలిపోయింది.
మరి ఇల్లు?
కిటికీలోంచి ఆనకట్ట కేసి గడ్డమెత్తి చూపించింది.

ఆ రాత్రి కంపాసు తీశాను.
ఒక కాలు గుచ్చి రెండో కాలు తిప్పితే వృత్తం,
అదే కొలతతో అంచు వెంట నడిపిస్తే ఆరు రేకులు.
రొట్టె కోయడం కన్నా ముందు మా నాన్న నేర్పిన విద్య.
తీసుకెళ్ళి చూపిస్తే
"బావుంది. మాది కాదు."
నాలుగు తలల సుడి గీశాను.
"అది దుకాణాల బోర్డుల మీద ఉండేది."
మ్యూజియం పుస్తకం తెచ్చాను, పొగాకు రంగు కాగితాలు,
ఒక్కో బొమ్మా వేలితో దాటుకుంటూ పోయింది,
పడవ మునిగాక గోడకంటించిన జాబితాలో
మనవాళ్ళ పేరు వెతికినట్టు.

ఇక కాగితమూ బొగ్గూ పట్టుకుని
కొట్టాల వెంట పడ్డాను.
కాడి మీద కాగితం పరిచి రుద్దాను,
చీజ్ అచ్చు మీద, విరిగిన కుర్చీ వీపు మీద.
కుక్కలు మొరిగాయి.
పాత సామాను కొనేవాణ్ణనుకుని ఒకావిడ
కుట్టుమిషను ధర చెప్పింది.
కాగితం మీద ఆరే తేలాయి.
ఆరు, ఆరు, మళ్ళీ ఆరు.

చివరికి బెన్యాట్ కోళ్ళగూటి దగ్గర
వాన పెద్దదైతే తలుపుకి ఆనుకుని నిలబడ్డాను.
వీపుకి ఏదో గీరుకుంది.

తలుపు కాదది, పెళ్ళిపెట్టె మూత.
లోయ మునిగిన ఏడు వేలంలో
వాళ్ళ నాన్న తెచ్చాడట, రెండు మేకపిల్లల ధరకి.
వేణ్ణీళ్ళు పోసి, కుంచెతో తోమి,
రెట్టల కింద నుంచి, నాచు కింద నుంచి
కత్తిమొనతో ఒక్కో గాడీ తెరిచాను.
అక్రోటు చేవ నల్లగా ఊపిరి పీల్చుకుంది.
రేకులు లెక్కపెట్టాను. ఏడు.
మళ్ళీ లెక్కపెట్టాను.
ఏడోది సన్నం,
నిండిన బల్ల మీద చివర ఇరుక్కుని కూర్చున్న పిల్లాడిలా.

కంపాసుకి ఏడు రావు. దాని లెక్కలో ఏడు లేదు.
ఎప్పుడో ఎవరో మరవదులైన కంపాసుతో
అంచంతా నడిచొచ్చి చూస్తే
మొదటి రేకుకి జానెడు దూరంలో ఆగిపోయి ఉంటాడు.
అంత మంచి చెక్క పారేయలేక
మిగిలిన సందులో ఓ రేకు కుట్టేశాడు.
మూత తిరగేశాను.
లోపలివైపు వేరే చెయ్యి, పదునైన ఉలి, తొణకని గీత.
వాడికి కంపాసు బాగానే ఉంది.
అయినా ఏడే చెక్కాడు.

నా మణికట్టు వినలేదు.
రెండు పలకలు పొయ్యిలోకి పోయాయి.
తప్పు చెయ్యడం తేలికే,
ఇంకొకరి తప్పుని వెంట్రుకవాసి తేడా లేకుండా
చెయ్యడానికి నాకు మూడు రోజులు పట్టింది.

ఇనాషి చూడలేదు. కళ్ళు మూసుకుని
బొటనవేలు తిప్పింది రేకుల మీద,
సన్నదాని దగ్గర ఆగింది.
చాలాసేపు ఆగింది.
"ఏడెందుకు?" అనడిగాను ఉండబట్టలేక.
"ఎందుకేంటి? మా పువ్వుకి ఏడు" అని
కూలీలో పది తగ్గించమని బేరం మొదలెట్టింది.

బెన్యాట్‌కి కొత్త తలుపు చేసిచ్చాను, ఒట్టి పైన్ చెక్కలు.
అటూ ఇటూ తిప్పి చూసి, "పువ్వేదీ?" అన్నాడు.
ముందు మీ ఇంటిదేదో కనుక్కో, అన్నాను.
కోళ్ళు లోపలికి పోయాయి.
వాడింకా వానలోనే నిలబడి ఉన్నాడు.