రెండుకు ఒకటి

గోదావరిఖనిల బత్తుల రూము నాది.
ఇరవై తొమ్మిదేండ్లు.
బాయి దిగెటోనికి బత్తిచ్చి బిళ్ల తీసుకునుడు,
ఎక్కినోనికి బిళ్లిచ్చి బత్తి తీసుకునుడు.
షిఫ్టు అయిపోయినంక కొక్కేనికి బిళ్ల మిగిలిందంటే
మనిషింకా కిందనే ఉన్నడని లెక్క.

సీసం పలకలు, తేజాబు.
గాజు గొట్టంల బుడ్డి పన్నెండొందల యాభై కాడ తేలితే
ఆ బత్తి పొద్దంత ఆగుతది.
పదకొండొందల ఎనభై అంటే
సొరంగం నడుమ కండ్లు మూస్తది.
నా అంగీలన్ని జల్లెళ్లే.
"కాపురం నాతోనా, తేజాబుతోనా?" అనేది ఈశ్వరమ్మ.

రాత్రి చార్జింగు పెట్టినంక
ఆరు వందల బత్తులు ఒక్కతీరుగ నుసనుసమనేవి,
ఎండుటాకుల మీద సన్నవాన పడ్డట్టు.
అది హైడ్రోజనట.
గోడకు ఎర్ర రంగుతోటి రాసి ఉండె: బీడీ తాగరాదు.
కోపం గల గాలని తెలుసు,
కొలువు చేసే గాలని ఎవరు చెప్పిన్రు?
కప్పు కింది కంతలు తెరిచి
దాన్ని ఎల్లగొట్టుడే నా నౌకరి.

తర్వాత లిథియం బత్తులొచ్చినయ్.
అరచెయ్యంతవి. ఉడకవు, మాట్లాడవు.
నేను దిగిపోయిన.

ఇప్పుడు కాజీపేటల, రైలు పట్టాల పక్క రేకుల షెడ్డుకు
రాత్రి కావలి.
నేను ఎల్లగొట్టినదాన్నే
సబీహా మేడం పట్టి సిలిండర్ల పెడుతున్నది.
నీళ్లను కరెంటుతోటి ఇడగొడుతది:
పన్నెండు గదులు, నికెల్ జాలీలు,
జాలీకి జాలీకి నడుమ తెల్లటి బట్ట.
నూలైతే ఆ క్షారంల కుళ్లిపోతదని
వేరే పోగు తెప్పించి
కొత్తవాడల జంపఖానాలు నేసే కూరపాటి వీరస్వామితోటి
మగ్గం మీద నేయించింది.
దాని మీద పూసిన పిండి ఏందో చెప్పదు.
పేటెంటు వచ్చేదాక నోరు విప్పొద్దు ఓదెలన్నా, అంటది.

వెయ్యి గంటలు ఆగకుంట నడవాలె.
అదే పరీక్ష.

నా పని చూసుడే. కని నాకు కన్ను కన్న చెవి నయం.
రెండు సీసాలల్ల బుడగలు:
ఇటు హైడ్రోజన్ రెండు, అటు ఆక్సిజన్ ఒకటి.
రెండుకు ఒకటి, రెండుకు ఒకటి,
చిన్నపిల్ల తొక్కుడుబిళ్ల ఆడినట్టు.
నిద్రొచ్చినా లెక్క ఆగది.

ఎనిమిదొందల పన్నెండో గంట.
బొగ్గు గూడ్సు పోతున్నది, షెడ్డు వణికింది.
అది పోయినంక కూడ
ఆక్సిజన్ సీసా ఊకోలేదు.
ఒకటి పడాల్సిన కాడ ఒకటిన్నర.
మీటర్లు పచ్చగనే ఉన్నయ్.
వాసన పట్టే సెన్సరు రిపేరుకని హైదరాబాద్ పోయి
ఇరవై దినాలు.

మేడంకు ఫోన్ చెయ్యలే.
స్విచ్చు దించిన.

పొద్దుగాల ఆమె మొఖం చూడలేకపోయిన.
"ఎనిమిదొందల గంటలు ఓదెలన్నా!"
అని కుర్చీల కూలబడ్డది.
చాయ్ తెచ్చిస్తే తాగలే.
బోల్టులు విప్పుతుంటె పానాలు అందించిన,
ఏడో గదిదాక ఇద్దరం మాట్లాడలే.

ఏడో గది బట్టను వెలుగుకు పట్టింది.
ఆవగింజంత చుక్క,
అందులకెల్లి పొద్దు కనవడ్డది.
ఇంకొక్క రాత్రైతే
అటు గాలి ఇటు గాలి కలిసి
రేకులు పట్టాల మీద ఉండేవి, నేను సుత.

వీరస్వామి బొటనవేలుతోటి రుద్ది చూసిండు.
"ఇగో, ఇక్కడ పోగు తెగితే ముడేసిన.
జంపఖానకైతే ముడి కనవడది."
తల గోక్కున్నడు.
"దీనికి ముడి వద్దా? అయితే మొత్తం మళ్ల నేస్త."

తొమ్మిది దినాలకు గడియారం సున్నాకు తిప్పిన్రు.
మేడం పాత పుస్తకంల ఎనిమిదొందల పన్నెండు కాడికి పోయి
తప్పు కనిపెట్టిన పరికరం అనే గడిల
ఏం రాసిందో నాకు చూపెట్టింది:
'ఓదెలు ఎడమ చెవి.'

కుడిది అని దిద్దిన.
ఎడమది ఖనిల బ్లాస్టింగుకే పోయింది.